మసిగోడ

ఒకసారి లేచి మీ ఇంట్లో పాత ఆల్బం తీయండి. బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది, నాకు తెలుసు. అందులో పెళ్ళిళ్ళుంటాయి, బారసాలలుంటాయి, తిరుపతి కొండ మీద గుండ్లు చేయించుకుని ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టలేక నవ్వుకుంటున్న మగవాళ్ళుంటారు, ఊటీలో గుర్రమెక్కి ప్రాణాలు అరచేత పెట్టుకున్న పిన్ని ఉంటుంది. ఇక మీ వంటిల్లు ఎక్కడుందో వెతకండి. రోజుకు ఆరేడు గంటలు మీరు గడిపే చోటు. ఉండదు. పోనీ, బట్టలుతికే బండ? మధ్యాహ్నం పత్రిక చదువుతూ కునికే కిటికీ పక్క కుర్చీ? అవీ ఉండవు. ఆ ఆల్బం చూసినవాళ్ళెవరైనా మనం జీవితమంతా పట్టుచీర కట్టుకుని ఎవరో ఒకరి పక్కన నిలబడి గడిపేశామనుకుంటారు.

ఈ సంగతి నాకు నలభయ్యేళ్ళ దాకా తట్టలేదు. తట్టడానికి ప్రపంచమంతా తలుపులు మూసుకోవలసి వచ్చింది.

2020 మార్చి 21, శనివారం. మా అత్తయ్యగారికి నాలుగు రోజులుగా నీరసంగా ఉందంటే చూసి వద్దామని విజయవాడ నుంచి కృత్తివెన్ను బయల్దేరాను. మర్నాడు జనతా కర్ఫ్యూ అన్నారు. ఆ ఒక్కరోజూ అక్కడుండి సోమవారం వచ్చేద్దామని రెండు చీరలు, సగంలో ఆగిపోయిన నా నవల కాగితాలు సంచీలో పెట్టుకున్నాను. సోమవారం బస్సుల్లేవు. మంగళవారం రాత్రి ప్రధానమంత్రి టీవీలో కనిపించి ఇరవై ఒక్క రోజులు ఎవరూ గడప దాటొద్దన్నారు. తెల్లారితే ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని, పేరులోనే ఉందని అత్తయ్యగారు పచ్చడి కలుపుతూ అన్నారు. వేపపువ్వు పెరట్లో చెట్టున ఉంది, కొత్త చింతపండు ఇంట్లో ఉంది, మామిడికాయ పక్కింటివాళ్ళు గోడ మీంచి అందించారు. ఆరు రుచులకీ లోటు రాలేదు. రెండు చీరలతో రెండు నెలలు పైగా ఉన్నాను. విజయవాడలో మావారూ మా అబ్బాయీ ఆ రెండు నెలలూ ఏం వండుకుతిన్నారో ఇప్పటిదాకా నాకు పూర్తిగా చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

కృత్తివెన్ను తెలియనివాళ్ళకి రెండు మాటలు. బందరు నుంచి పెడన మీదుగా నరసాపురం వైపు పోయే దారిలో, సముద్రానికి చేరువలో ఉంటుంది. ఒకప్పుడు వరిచేలు ఉన్న చోట ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులు, చేపల చెరువులు. మామూలు రోజుల్లో రొయ్యల లారీల మోతతో హైవే పక్కన నిద్ర పట్టదు. ఆ మార్చి ఆఖరున ఆ మోత ఆగిపోయింది. సరుకు కొనేవాళ్ళు లేక రైతులు తలలు పట్టుకున్నారు. గంప నెత్తిన పెట్టుకుని రోజూ వచ్చే చేపలావిడ రావడం మానేసింది. అత్తయ్యగారు రెండు మూడు రోజులు ఆవిడ వచ్చే వేళకి గుమ్మంలోకి వెళ్ళి చూసొచ్చారు.

మా ఇల్లు మామగారి తండ్రి కట్టించిన పెంకుటిల్లు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. మనుషులు తిరిగే ఇంట్లో అత్తాకోడళ్ళం ఎన్నోసార్లు కలిసి పనిచేశాం గాని, మూడో మనిషి లేకుండా ఇద్దరమే ఉండటం పెళ్ళయ్యాక అదే మొదలు. మొదటి వారం ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి మొహమాటం. నవల రాసుకుందామని కూర్చునేదాన్ని. వచ్చేవాళ్ళు లేరు, పోయేవాళ్ళు లేరు, రాసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క వాక్యం కదల్లేదు. తీరిక దొరికితే రాసేద్దునని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చిన మాట ఎంత అబద్ధమో తెలిసిపోయింది. కాగితాలు దిండు కింద పెట్టి వచ్చి వంటింటి గడప మీద కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని ఆ వెలుగును చూశాను.

వంటింటి పైకప్పులో ఒకచోట మట్టి పెంకుకు బదులు అద్దం పెంకు వేసి ఉంది. అందులోంచి పలకంత ఎండ లోపల పడుతుంది. పొద్దున్న పడమటి గోడ మీద గరిటెలు తగిలించిన మేకుల దగ్గర మొదలవుతుంది. గోడ దిగి, నేల మీద పాక్కుంటూ వచ్చి, కత్తిపీట దాటి, నీళ్ళబిందె మీదికి ఎక్కి దిగి, మూడు దాటాక తూర్పు వైపు కట్టెల పొయ్యి వెనకున్న గోడ ఎక్కుతుంది. ఆ గోడ చూరు దాకా మసి. ఏళ్ళ తరబడి పట్టిన మసి. దాని మీద ఆ ఎండ పడితే నలుపు నలుపులా ఉండదు, నెమలి కంఠంలా మెరుస్తుంది. అత్తయ్యగారికి అదే గడియారం. ఎండ కత్తిపీట దగ్గరికొచ్చిందంటే ఎసరు పెట్టాలి, మసిగోడ తాకిందంటే కాఫీ. గోడ మీద అసలు గడియారం ఒకటుంది గాని, అది నడుస్తోందో లేదో చూసినవాళ్ళెవరూ లేరు.

ఫోను తీసి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. మొదట ఆ ఎండ ముక్కని. తరవాత ఉప్పుజాడీ, గంజి వార్చే సిబ్బి, తలుపు గొళ్ళెం, దండెం మీద ఆరేసిన నా రెండు చీరల్లో ఒకటి. తీసే ముందు గట్టు మీద మసిగుడ్డ ఉంటే పక్కన పారేసేదాన్ని, అడ్డంగా ఉందని. నాలుగైదు రోజులకి బుద్ధొచ్చింది. మసిగుడ్డ లేని పొయ్యిగట్టు నగల కొట్టు క్యాలెండరులో బొమ్మలాగుంది, మా ఇంట్లోదిలా లేదు. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాను. పెట్టినందువల్ల అది నిజమైందా, అబద్ధమైందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎందుకంటే అత్తయ్యగారు దాన్ని ఎప్పుడూ అంత అందంగా మడిచి పెట్టరు.

"ఏంటమ్మాయ్, చీపురుకట్ట కూడా తీస్తున్నావు, పోలీసులకి పంపిస్తావా ఏంటి?" అనేవారావిడ.

నాకు ఏ సంగతి పట్టుకున్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తేగాని నిద్ర పట్టదు, బి.ఏ.లో చరిత్ర చదివిన పాపం. రాత్రిళ్ళు మంచం మీద పడుకుని చదివేదాన్ని. చదివితే తేలిందేమిటంటే, ఇప్పటిదాకా నిలిచి ఉన్న ఫొటోల్లో అన్నిటికన్నా పాతది యుద్ధానిదీ కాదు, రాజుగారిదీ కాదు. ఇంటి కిటికీలోంచి కనిపించే పెరటి వైపు కప్పులది. ఫ్రాన్సులో నియెప్స్ అనే పెద్దమనిషి 1826లోనో 1827లోనో తన ఇంటి మేడగదిలో కూర్చుని తీశాడు. తగరం ఎక్కువగా కలిసిన లోహపు రేకు మీద తారులాంటి పదార్థం పూసి కెమెరాలో పెట్టి వదిలేస్తే, బొమ్మ పడటానికి తక్కువలో తక్కువ ఎనిమిది గంటలు పట్టిందట. కొన్ని రోజులే పట్టి ఉంటుందని కూడా అంటున్నారు. అంతసేపట్లో సూర్యుడు ఇటునుంచి అటు పోయాడు కాబట్టి, ఆ బొమ్మలో ఇళ్ళకి రెండువైపులా ఎండ ఉంటుంది. ఆ రేకు ఇప్పుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రం ఆస్టిన్‌లో భద్రంగా ఉంది. మన పిల్లలు బోలెడుమంది ఉన్న ఊరే, ఎంతమంది వెళ్ళి చూశారో తెలియదు.

ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన 1835లో తీసిన మొదటి నెగటివ్ కూడా ఇంటి కిటికీయే. తపాలాబిళ్ళంత ఉంటుంది. ఆయన చిన్న చిన్న చెక్కపెట్టెలు చేయించి ఇంటి చుట్టూ పెడుతుంటే, భార్య కాన్‌స్టెన్స్ వాటిని ఎలుకబోనులు అనేదట! ఆవిడ మాట చదివి నేను చీకట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఏ దేశమైనా, మొగుడు చేసే గొప్ప పని ఇల్లాలి కళ్ళకి మొదట ఇల్లు తుడవడానికి అడ్డంగానే కనిపిస్తుంది కాబోలు.

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కి 48 ఏళ్ళ వయసులో, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా కొనిచ్చారు. ఆవిడ బొగ్గులగదిని చీకటిగదిగా, కోళ్ళగూడును స్టూడియోగా మార్చుకుని, చూస్తుండగానే ప్రపంచం గుర్తుపెట్టుకునేంతదైంది. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న సుడెక్ అనే ఆయన, జర్మన్లు ప్రేగ్ నగరాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో, 1940 నుంచి తన గది కిటికీనే తీస్తూ కూర్చున్నాడు. యుద్ధం అయిపోయాక కూడా మానలేదు, 1954 దాకా అదే కిటికీ. నేను బతికి ఉన్న రోజుల సంగతే చెప్పాలంటే, 2020లోనే లండనులో ఒక చిత్రశాలవాళ్ళు తలుపులు మూసుకున్న జనాన్ని మీ ఇళ్ళలో ఫొటోలు తీసి పంపండని అడిగితే 31 వేలకు పైగా వచ్చాయి. కృత్తివెన్నులో నాకు పట్టిన పిచ్చి నా ఒక్కదానిదే కాదన్నమాట.

మన వైపు ఏమిటి? 1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ళకోసం జనానా స్టూడియో తెరిచాడు. నిజాముగారి దగ్గర పెద్ద పేరున్న ఫొటోగ్రాఫరు. ఎత్తైన గోడలు, మగపురుగు కంటపడదు. లోపల ఫొటోలు తీసేది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరదా చాటు ఆడవాళ్ళు పరదా చాటునే వచ్చి ఫొటో తీయించుకుని వెళ్ళేవారు. మంచిపనే. కాని ఆలోచించండి, జీవితమంతా ఏ గదుల్లో ఉన్నారో ఆ గదులు విడిచి వస్తేనే వాళ్ళకి ఫొటో. గదులు అక్కడే ఉండిపోయాయి, బొమ్మలోకి రాలేదు.

ఇంకొక్కటి చెప్పి చరిత్ర ఆపేస్తాను. 1838లో డాగెర్ అనే ఆయన ప్యారిస్‌లో బాగా రద్దీగా ఉండే వీధిని పైనుంచి ఫొటో తీశాడు. బొమ్మలో వీధి ఖాళీ. బండ్లు లేవు, జనం లేరు. నిమిషాల తరబడి తీయవలసిన బొమ్మ కదా, కదిలేవాళ్ళెవరూ అందులో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం పడ్డాడు. అది చదివి, ఎందుకో నా ఫోను తెరిచి వరసగా చూసుకున్నాను. అప్పటికి రెండువందల ఫొటోలైనా ఉంటాయి. రోలుంది, చేటుంది, జల్లెడుంది. ఏ ఒక్కదాంట్లోనూ అత్తయ్యగారు లేరు. పొద్దున్నే లేచి పడుకునేదాకా ఆ వంటింట్లో తిరిగే మనిషి ఒక్క ఫొటోలో పడలేదు. డాగెర్ కెమెరాకైతే చేతకాలేదు, నా ఫోనుకు అరక్షణం చాలు. మరెందుకు పడలేదంటే, ఆవిడ పక్కకి తప్పుకునేదాకా ఆగి నేనే తీశాను. వెలుగుకి అడ్డమొస్తున్నారని!

సరే, అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం ఆ మసిగోడ మీద ఎండ పడినప్పుడు తీసిన ఫొటో నిజంగా బాగా వచ్చింది. ఉబ్బితబ్బిబ్బై మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. పెట్టిన అరగంటలో బాబాయిగారు చప్పట్ల బొమ్మలు పెట్టారు, తోడికోడలు 'పెయింటింగులా ఉందక్కా' అంది. రాత్రికి అమెరికా నుంచి మా ఆడబిడ్డ, 'అమ్మా, ఆ గోడేంటే అలా ఉంది, సున్నం వేయించుకోమని డబ్బులు పంపాను గదా' అని రాసింది. దాని కింద ఇంకొకరు, ఇంకా కట్టెల పొయ్యేనా అని అడిగారు. అత్తయ్యగారు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అన్నీ చదివారు. ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టి పడుకున్నారు.

తెల్లవారుజామున ఏదో గీకుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. నీరసమని నేను చూడొచ్చిన మనిషి, 67 ఏళ్ళావిడ, పీట మీదెక్కి నిలబడి, కొబ్బరిపీచుతో, సోడాతో ఆ గోడ తోముతున్నారు. మోచేతుల దాకా నల్లనీళ్ళు కారుతున్నాయి.

"అత్తయ్యా, దిగండి, పడిపోతారు" అన్నాను.

"నీకేమ్మా, బాగానే ఉంటుంది" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "బస్సులు తిరగ్గానే వెళ్ళిపోతావు. ఆ మసి గోడ ఒక్కదానికే పట్టిందనుకున్నావా? గ్యాసు వచ్చేదాకా పాతికేళ్ళకి పైన ఊదుగొట్టం పెట్టి ఊదాను, నాకూ పట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే పదిమందికి వండి వార్చాను. దాన్ని తీసుకెళ్ళి ఊరందరికీ చూపించావు. నా కూతురు నన్ను అడుగుతోంది, గోడ అలా ఎందుకుందని."

ఏం జవాబు చెబుతాం? చేతిలోంచి పీచు తీసుకోబోతే ఇవ్వలేదు.

ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. నేను తీసింది అబద్ధమా? కాదు. గోడ అలాగే ఉంది, ఎండ అలాగే పడింది. అందంగా లేదా? ఉంది, ఇప్పటికీ ఒప్పుకుంటాను. మరి తప్పెక్కడ జరిగింది? పొగ పీల్చినవాళ్ళు ఒకరు, పొగ మిగిల్చిన నలుపు చూసి ఆహా అన్నవాళ్ళు ఇంకొకరు. వదిలి వెళ్ళిపోగలిగిన మనిషికే వంటిల్లు అందంగా కనిపిస్తుందేమో! నాకు తలుపులు మూసుకున్నది రెండు నెలలు. అదీ దేశమంతటితో పాటు, టీవీలో చెప్పి మరీ. అత్తయ్యగారికి పెళ్ళయిన 1971 నుంచీ ఆ గడప దాటి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, దానికి లాక్‌డౌన్ అని ఎవరూ పేరు పెట్టలేదు. పేరు లేదు కాబట్టి సడలించడమూ లేదు.

నవలలు రాసేవాళ్ళకి ఈ తప్పు కొత్తేమీ కాదని కూడా చెప్పాలి. మా పెద్దమ్మ ఒకావిడ నా రెండో నవల చదివి, అందులో ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిసినారి ముసలమ్మ తనేనని ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. తను కాదని ఒట్టు పెట్టాను. తనే. అప్పుడు నాకేమీ అనిపించలేదు, పేరు మార్చాను కదా అనుకున్నాను. ఫొటోలో పేరు మార్చడానికి ఉండదు.

నాలుగు రోజులు ఫోను ముట్టుకోలేదు. ఆ తోముడికి అత్తయ్యగారికి కుడిభుజం పట్టేసింది. సాయంత్రాలు నువ్వులనూనె వెచ్చబెట్టి రాసేదాన్ని. హాల్లో తలుపు పైన వాళ్ళ పెళ్ళిఫొటో ఉంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. వధూవరులు, వెనక ఆవిడ అమ్మానాన్నలు, పక్కన అన్నయ్య. ఆ వెనక పాలరాతి స్తంభాలు, పూలకుండీలు, దూరంగా కొలను, రెండు హంసలు.

"ఎక్కడ తీయించుకున్నారత్తయ్యా, స్టూడియోలోనా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"స్టూడియో ఏంటి, మా ఇంట్లోనే. పెళ్ళిపందిట్లో. ఫొటో అతను తెర తెచ్చి గోడకి కట్టాడు." ఒక్క క్షణం ఆగారు. "ఆ తెర వెనకే మా వంటిల్లు."

ఆవిడ పుట్టిల్లు దివిసీమలో కోడూరు దగ్గర. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సముద్రం లేచి ఊళ్ళ మీదుగా నడిచిపోయింది. వేలమంది పోయారు. వాళ్ళలో మా అత్తయ్యగారి అమ్మా, అన్నయ్యా ఉన్నారు. నాన్నగారు తుమ్మచెట్టు పట్టుకుని మిగిలారు గాని, ఆ తరవాత మాట తగ్గించేశారట. ఇల్లు ఉన్న చోట మెట్లు రెండు మిగిలాయి. ఈ ఫొటో మాత్రం అత్తవారింట్లో కృత్తివెన్నులో గోడకి ఉండబట్టి దక్కింది.

ఇదంతా నాకు పైపైన తెలిసిన కథే. తెలియనిది ఆ సాయంత్రం తెలిసింది. "అమ్మ మొహం ఇందులో ఉంది గాని అది అమ్మ మొహం కాదమ్మాయ్, ఫొటో కోసం పెట్టుకున్న మొహం. అమ్మ ఎప్పుడూ అలా బిగుసుకుపోయి ఉండేది కాదు. పొయ్యి దగ్గర కూర్చుని ఒక చేత్తో పుల్లలు ఎగదోస్తూ రెండో చేత్తో పక్కన కూర్చున్నవాళ్ళ మీద చెయ్యి వేసి మాట్లాడేది. ఆ పొయ్యి ఉన్న గోడకే కట్టాడు వాడు తెర. నల్లగా ఉంది, ఫొటోలో బాగుండదన్నాడు. నాన్న కూడా అవునన్నాడు."

చిన్నపిల్లలా అడిగారు, "ఇప్పుడు కంప్యూటర్లలో ఏవేవో చేస్తున్నారంటగా, ఆ తెర పైకెత్తి చూడటానికి కుదరదా?" అని.

కుదరదన్నాను.

మర్నాడు పొద్దున్న వాకిట్లో కళ్ళాపి చల్లాక ఆవిడ ముగ్గుగిన్నె తీసుకుని చాలాసేపు వంగి ఏదో వేస్తున్నారు. ముగ్గు కాదు, ఇల్లు. వీధి అరుగు, నడవ, ధాన్యం పురి, వెనక వసారా, వంటిల్లు. వంటింట్లో పొయ్యి, పొయ్యికి ఎడంపక్క పుల్లలు, మూల నీళ్ళకుండ, పైన ఉట్టి ఉన్న చోట చిన్న సున్న. రోలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. గుమ్మానికి ఇవతలా, అవతలా? ఇవతల వేశారు, చెరిపేశారు, అవతల వేశారు. ముగ్గుపిండి గుప్పిట్లో అలాగే ఉండిపోయింది. అడుగుదామంటే అమ్మ లేదు, అన్నయ్య లేడు, నాన్న కూడా ఎప్పుడో పోయారు. ఆ రోలు ఎటుపక్క ఉండేదో ఈ భూమ్మీద చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

కాసేపటికి పక్కింటి కోళ్ళొచ్చి ఆ ఇంటి మీద తిరిగాయి. ఆవిడ అదిలించలేదు.

లోపలికి వెళ్ళాక తనే అన్నారు. "ఆ గోడ తీసుకో ఫొటో. ఎవరికీ పంపకు. మా అమ్మాయికి కూడా. నన్నడక్కుండా దేన్నీ తీయకు, నేను సరేనన్నదే తియ్యి. అంతే."

అప్పటికి ఆ గోడ వేరేగా ఉంది. పీట మీద నిలబడి ఆవిడ చెయ్యి అందినంత మేర మాత్రం మసి పోయి బూడిదరంగు తేలింది. దానికి పైన ఎప్పటి నలుపే. కుడివైపు చెయ్యి బాగా సాగింది, ఎడమవైపు తక్కువ. మధ్యలో ఒకచోట పీచు గట్టిగా రుద్దినచోట లోపలి ఇటుక ఎర్రగా కనిపిస్తోంది. ఎండ ఎక్కేదాకా ఆగి తీశాను. మొదటి ఫొటోతో పోలిస్తే ఇది ఎవరికీ చూపించదగ్గ ఫొటో కాదు. పెయింటింగులా అసలు లేదు. కాని ఆవిడ ఎంతవరకు అందగలరో కొలిచినట్టు ఉంటుంది. ఆవిడను కూడా అందులో నిలబడమన్నాను. "పనుంది" అని వెళ్ళిపోయారు.

ఆ తరవాత అడిగి తీయడం మొదలుపెడితే నాకు తెలిసిందేమిటంటే, ఆవిడ వద్దనేవి నేననుకున్నవి కావు. చిరిగిన చాప తీయనిచ్చారు. తన మందుల డబ్బా తీయనిచ్చారు. దేవుడి గూడు తియ్యొద్దన్నారు. పెరట్లో మామగారు కూర్చునే మడతకుర్చీ వద్దన్నారు, అది ఇప్పుడు బట్టలు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని కుర్చీ. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు ఫోను తనే తీసుకుని నా ఫొటో తీశారు. నేను పొయ్యి దగ్గర వంగి ఉన్నాను. సగానికి సగం ఆవిడ బొటనవేలే పడింది. మిగతా సగంలో నా జుట్టు తెల్లబడిందని స్పష్టంగా తెలుస్తోంది. తుడిచేద్దామనుకున్నాను. నన్నడక్కుండా తీశారు కదా అని కూడా అనుకున్నాను. తుడవలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక, జూన్‌లో విజయవాడ వచ్చేశాను. నవల ఇంకో ఏడాది పట్టింది.

2022లో మా ఆడబిడ్డ అమెరికా నుంచి వచ్చి దగ్గరుండి ఆ వంటిల్లు బాగుచేయించింది. కట్టెల పొయ్యి తీసేశారు. నేల నుంచి చూరు దాకా తెల్లటి టైల్సు, స్టీలు సింకు, పొగ లాగే యంత్రం. అద్దం పెంకు ఉన్న చోట రేకు వేశారు, ట్యూబులైటు పెట్టారు. నాకు కొంచెం బాధనిపించింది గాని నోరెత్తలేదు, ఎత్తే హక్కు లేదని నాకు తెలుసు. అత్తయ్యగారు మాత్రం ఎంత సంతోషించారంటే, తడిగుడ్డతో ఆ టైల్సు రోజుకు రెండుసార్లు తుడుస్తారు. నూనెచుక్క పడితే చుట్టుపక్కల అందరికీ దెబ్బలే.

ఇప్పుడు నేను వెళ్ళినప్పుడల్లా రాత్రి భోజనాలయ్యాక, "ఏదీ, ఆ గోడ ఫొటో చూపించు" అంటారు. వేళ్ళతో పెద్దది చేసి చూపిస్తాను. ఎండనీ, మసినీ ఆవిడ చూడరు. ఫొటో అంచుల్లో నేను చూడని వాటిని చూస్తారు. మొన్న సంక్రాంతికి అలాగే చూస్తూ కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"ఇదిగో, ఈ మూల మేకుకి తగిలించి ఉంది చూడు, కంచు గరిటె. మా అత్తగారిది. రెండేళ్ళుగా ఇల్లంతా వెతుకుతున్నాను. టైల్సు పని అప్పుడు కూలీలు పట్టుకుపోయారని అనుమానపడ్డాను కూడా, పాపం. నువ్వు గాని తీసుకెళ్ళావా అమ్మాయ్?"

నేనెందుకు తీసుకెళతానండీ అన్నాను, కొంచెం నొచ్చుకుని.

విజయవాడ వచ్చాక ఎందుకైనా మంచిదని వెతికాను. మా వంటింట్లోనే ఉంది, గిన్నెల స్టాండు వెనక.